మర పోయింది, ఇంజను పోలేదు

పానా పట్టిన చేయి – నెల నెలా మన ఇంటి మరల ముచ్చట

పోయిన నెల కుట్టుమిషనులో దారం ఎందుకు తెగుతుందో రాస్తే చాలామంది అక్కచెల్లెళ్లు దారిలో ఆపి మాట్లాడారు. సంతోషం. ఈ నెల మోటారుసైకిలు ఇంజను సంగతి. మా ఇంట్లో బండి లేదు కదా అని పేజీ తిప్పేయకండి. ఈ రోగం బండికి ఒక్కదానికే రాదు. సాంచకు వస్తుంది, నీళ్ల మోటారుకు వస్తుంది, మిక్సీ అడుగున ఉండే స్క్రూకు కూడా వస్తుంది. దాని పేరు మర పోవడం. ఇక్కడి మరాఠీ మేస్త్రీలు "ఆటే గేలే" అంటారు. మన పిల్లలు త్రెడ్డు స్లిప్పయింది అంటారు. ఏ పేరు పెట్టి పిలిచినా జరిగేది ఒకటే: నట్టు తిరుగుతూనే ఉంటుంది, బిగియదు.

మొన్న ఒక ఆదివారం పొద్దున మా గల్లీ చివరి ఇంటి వదిన వచ్చింది. చేతిలో బీడీల చేట అట్లాగే ఉంది. "తమ్మీ, నువ్వొకసారి వచ్చి బండి చూడు. అమ్మేయమంటే అమ్మేస్తా. పోరడు నాలుగు రోజుల నుంచి సరిగ్గ తింటలేడు" అంది.

ఆమె భర్త, మా అన్న, నేను ఒకే గిర్నీలో పనిచేసినవాళ్లం. ఆయన వీవింగ్ ఖాతా, నేను వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన దగ్గర ఒక యెజ్దీ బండి ఉండేది. చేయి మారి వచ్చిన బండే, కానీ కొత్త పెళ్లికూతుర్ని చూసుకున్నట్టు చూసుకునేవాడు. మొదటి పాళీకి పొద్దున భోంగా కూయక ముందే ఆ బండి చప్పుడుకు మా గల్లీ లేచేది. మిల్లు మూతబడ్డాక ఆ ఇంట్లో సామాను ఒక్కొక్కటే వెళ్లిపోయింది. బండి మాత్రం వెళ్లలేదు. గోనెపట్టా కప్పి, వెనక వసారాలో నిలబెట్టాడు. ఆయన పోయి మూడేళ్లయింది.

కొడుకు టవళ్ల కార్ఖానాలో సాంచల మీద ఉన్నాడు. దసరాకు నాన్న బండి రోడ్డు మీదికి తేవాలని వాడి ఆశ. తన రెక్కల డబ్బుతో టైర్లు మార్చాడు, కార్బురేటరు కడిగించాడు. సిలిండరు లోపల మసి పేరుకుంది, అది తీస్తే బాగా లాగుతుందని ఎవరో చెబితే తానే విప్పాడు. మసి బాగానే తీశాడు. తిరిగి బిగించేటప్పుడు నాలుగింట్లో ఒక నట్టు తిరుగుతూనే ఉంది. చివరికి స్టడ్డుతో సహా పైకి లేచి వచ్చింది.

ఒక గ్యారేజీలో చూపిస్తే, క్రాంక్‌కేసు పోయింది, పాత మార్కెట్లో ఇంకో కేసు వెతుక్కో, లేకపోతే తుక్కు కింద ఇచ్చెయ్ అన్నారట. తుక్కు కొనే అతను ఆ సాయంత్రమే వచ్చి ధర కూడా చెప్పి పోయాడు.

ముందు ఈ బండి ఏమిటో కుర్రవాళ్లకు ఒక్క మాట. జావా అనేది చెకోస్లోవేకియా కంపెనీ. మన దేశంలో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి ఆ బండ్లు తయారు చేసింది. తర్వాత అదే బండి యెజ్దీ పేరుతో వచ్చింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. రెండు స్ట్రోకుల ఇంజను, 250 సీసీ. ఫ్యాక్టరీ లేదు కాబట్టి క్రాంక్‌కేసు పోతే కొత్తది కొట్లో దొరకదు. పాత బండి నుంచి తీసినది దొరికినా ఇంకో చిక్కుంది. ఇంజను నంబరు క్రాంక్‌కేసు మీదే కొట్టి ఉంటుంది. ఆర్‌సీ పుస్తకంలో ఒక నంబరు, ఇంజను మీద ఇంకో నంబరు ఉంటే ఆర్‌టీవో ఆఫీసులో ఏం జవాబు చెబుతాం? పాత బండికి రిజిస్ట్రేషను మళ్లీ చేయించేటప్పుడు మొట్టమొదట చూసేదే ఆ నంబరు. అందుకని కేసు మార్చడం చివరి మాట కావాలి. ఆ గ్యారేజీలో మాత్రం మొదటి మాటే అది అయింది.

వెళ్లి చూశాను. స్టడ్డు అంటే రెండు కొనలకూ మర ఉన్న ఉక్కు కడ్డీ. కింది కొన క్రాంక్‌కేసులో నాటుకుని ఉంటుంది. దాని మీదుగా సిలిండరు దిగుతుంది, పై కొనకు నట్టు పడుతుంది. స్టడ్డు ఉక్కు, కేసు అల్యూమినియం. ఉక్కుకూ అల్యూమినియానికీ కొట్లాట పెడితే ఓడేది అల్యూమినియమే. వాడు నా చేతిలో పెట్టిన స్టడ్డు కింది మరల్లో వెండి వెంట్రుకల్లా అల్యూమినియం చుట్లు ఇరుక్కుని ఉన్నాయి. రంధ్రంలో ఉండాల్సిన మర అంతా ఊడి స్టడ్డుకు చుట్టుకుని వచ్చిందన్నమాట.

"ఎట్లయిందిరా?"

"దానంతట అదే వచ్చింది కాకా."

నేనేమీ అనలేదు. మిగతా మూడు స్టడ్లు కేసులోనే ఉన్నాయి. ఒకదాని పక్కన ఈ ఊడిన స్టడ్డు పెట్టి వెలుతురులో చూశాను. పళ్లకు పళ్లు కలవాలి కదా, కలవలేదు. నాలుగు పళ్ల దాకా దగ్గరగా ఉండి, తర్వాత జరిగిపోతున్నాయి. పిచ్ గేజి పెట్టాను. మూడు పాత స్టడ్లు 8 మిల్లీమీటర్లవి, పిచ్ 1.25, అంటే ఒక పన్నుకూ ఇంకో పన్నుకూ మధ్య మిల్లీమీటరుంపావు. ఊడినది ఐదు బై పదహారు ఇంచు విట్‌వర్త్ మర.

"ఇది బండిది కాదు. సాంచది" అన్నాను.

అప్పుడు తల దించుకున్నాడు. విప్పేటప్పుడు ఒక పాత స్టడ్డు నట్టుతో పాటే బయటికి వచ్చిందట. పై కొన తుప్పు తిని ఉందట. కార్ఖానాలో డబ్బాడు నట్లు, బోల్టులు, స్టడ్లు ఉంటాయి కదా, అందులో అదే లావు, అదే పొడవు ఉన్నది ఒకటి ఏరి తెచ్చాడు. మొదట చేత్తో నాలుగు చుట్లు పోయింది. తర్వాత బిగుసుకుంది. పానాకు పైపు తొడిగి తిప్పాడు. పోయింది. నాన్న బండిని తానే చంపేశానని లోపల లోపల కుములుతున్నాడు. అమ్మకు చెప్పలేదు.

ఇందులో వాడి తప్పు సగమే. మనలాంటి మిల్లు ఊళ్లలో ఇది ఎవరికైనా జరుగుతుంది. ఎందుకో చెబుతాను, ఇది ముఖ్యం.

మన గిర్నీలకు తొలినాళ్లలో వచ్చిన మరమగ్గాలు, స్పిన్నింగు ఫ్రేములు ఎక్కువగా ఇంగ్లండు నుంచి వచ్చినవి. అక్కడ జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు 1841లో మరలకు ఒక లెక్క పెట్టాడు. అంతకు ముందు ఒక్కో కార్ఖానాది ఒక్కో మర. ఆయన లెక్కలో ఐదు బై పదహారు ఇంచు బోల్టుకు ఇంచుకు 18 పళ్లు, పన్ను కోణం 55 డిగ్రీలు. ఆ మగ్గాల్ని చూసి ఇక్కడ చేసిన సాంచల్లోనూ ఇంచు బోల్టులే నడిచాయి. అందుకే మన కార్ఖానా డబ్బాల్లో ఇప్పటికీ అవి ఉంటాయి. జావా, యెజ్దీ బండి చెక్ దేశపు లెక్క, అంతా మిల్లీమీటరు మర, కోణం 60 డిగ్రీలు. ఐదు బై పదహారు ఇంచు అంటే 7.94 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్లకూ దానికీ తేడా వెంట్రుకంత. కంటికి తెలియదు, వేలికి తెలియదు. కానీ దాని పిచ్ 1.41, దీనిది 1.25. మూడు నాలుగు చుట్ల దాకా సందులో సర్దుకుని పోతుంది. ఆ తర్వాత ప్రతి పన్నూ తప్పు చోట దిగుతుంది. అక్కడ బలం పెడితే ఉక్కు పళ్లు అల్యూమినియం పళ్లను గొరిగేస్తాయి.

కాబట్టి మొదటి పాఠం రాసి పెట్టుకోండి. ఏ నట్టైనా, బోల్టైనా, స్టడ్డైనా చివరి దాకా చేతి వేళ్లతోనే పోవాలి. పానా బిగించడానికి మాత్రమే, దారి చేయడానికి కాదు. నాలుగు చుట్లు పోయి ఆగిందంటే లోపల మట్టి అయినా ఉండాలి, మర వేరేదైనా అయి ఉండాలి. వెనక్కి తీయండి. పిచ్ గేజి లేకపోతే, సరైనదని తెలిసిన ఇంకో బోల్టు పక్కన పెట్టి పన్నుకు పన్ను ఆనించి వెలుతురులో చూడండి. సందు కనబడితే అది దాని జోడీ కాదు. పాత బుల్లెట్ బండి ఉన్నవాళ్లకు ఇది తిరగేసి చెప్పాలి. అది ఇంగ్లీషు పుట్టుక కాబట్టి పాతవాటిలో ఇంచు మరలుంటాయి, అందులో మిల్లీమీటరు బోల్టు తోయకండి.

సరే, పోయినదాన్ని ఏం చేయాలి? ఊళ్లో చేసే పనులు ముందు చెబుతాను, అవి చేయవద్దని చెప్పడానికి. కొందరు స్టడ్డుకు సన్నని రాగి తీగ చుట్టి దూరుస్తారు. కొందరు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుడతారు. కొందరు ఎం-సీల్ నింపుతారు. ఇంకొందరు రంధ్రం చుట్టూ పంచి పెట్టి కొట్టి మూతి బిగిస్తారు. అన్నీ బండి ఇంటి ముందు నుంచి కదిలే దాకా పనిచేస్తాయి. ఇంజను వేడెక్కగానే వదులుతాయి. కుర్చీకో, తలుపుకో అయితే పోనీ అనుకోవచ్చు. ఇక్కడ అనుకోకూడదు. కారణం చెబుతాను.

రెండు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్‌కేసు ఉత్త పెట్టె కాదు, అదొక పంపు. పిస్టను పైకి వెళ్లేటప్పుడు కార్బురేటరు నుంచి పెట్రోలు కలిసిన గాలిని కేసులోకి పీలుస్తుంది. కిందికి వచ్చేటప్పుడు దాన్ని నొక్కి, పక్క దారుల్లోంచి సిలిండరులోకి పంపుతుంది. సిలిండరు అడుగు కేసుకు గట్టిగా ఆనకపోతే, ఆ సందులోంచి పెట్రోలు లేని ఉత్త గాలి లోపలికి పోతుంది. మిశ్రమం పలచబడుతుంది, ఇంజను మరీ వేడెక్కుతుంది. ఈ ఇంజనులో పిస్టనుకు తడి ఇచ్చే ఆయిలు కూడా పెట్రోలులోనే కలిసి వస్తుంది. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గినట్టే. అప్పుడు పిస్టను ఉబ్బి సిలిండరులో పట్టేస్తుంది. అది వేగంలో ఉన్నప్పుడు జరిగితే వెనక చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది, క్లచ్చి పట్టుకునే వ్యవధి కూడా ఉండదు. వెనక సీటు మీద ఎవరు కూర్చుంటారో తలుచుకోండి. వదిననే కదా కూర్చోబెట్టుకుని తిప్పాలని వాడి ఆశ! ఆ మాటే వాడికి చెప్పాను. తీగ చుట్టడం గురించి మళ్లీ అడగలేదు.

సరైన దారులు మూడున్నాయి. మూడింటికీ సూత్రం ఒకటే. చెడిపోయిన మరను దాచిపెట్టకూడదు. దాన్ని పూర్తిగా తీసేసి, చుట్టూ ఉన్న మంచి లోహంలో కొత్త మర కోయాలి.

ఒకటి, మెట్టు స్టడ్డు. రంధ్రాన్ని 8.5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో తొలిచి 10 మిల్లీమీటర్ల మర కోస్తాం. లేతు మీద కింది సగం 10 మిల్లీమీటర్లు, పై సగం 8 మిల్లీమీటర్లు ఉండే స్టడ్డు చేయించి బిగిస్తాం. చుట్టూ కండ ఉంటే మంచి పని.

రెండు, బుష్షు. ఇంకా పెద్ద రంధ్రం చేసి, బయటా లోపలా మర ఉన్న లోహపు గొట్టాన్ని దించడం. దీనికి ఇంకా ఎక్కువ కండ కావాలి. గోడ పలచగా ఉన్నచోట చేస్తే కేసే పగులుతుంది.

మూడు, హెలికాయిల్ అనే తీగ చుట్టు. స్టెయిన్‌లెస్ స్టీలు తీగతో చేసిన చిన్న స్ప్రింగులా ఉంటుంది. తీగను అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉండదు, గాలిపటం ఆకారంలో ఉంటుంది. బయటి అంచు కేసులో కోసిన కొత్త మరలో కూర్చుంటుంది, లోపలి అంచు మళ్లీ అసలు సైజు మరగా పనికొస్తుంది. అంటే 8 మిల్లీమీటర్ల స్టడ్డే మళ్లీ పడుతుంది. తొలిచేది చాలా తక్కువ. 8 మిల్లీమీటర్ల మరకు 8.3 డ్రిల్లు చాలు. ఉక్కు చుట్టు కాబట్టి అల్యూమినియం మర కన్నా గట్టిగా నిలుస్తుంది. ఒక్క సంగతి మరవకండి: దీనికి మామూలు ట్యాపు పనికిరాదు, ఆ తీగ సైజుకు చేసిన ట్యాపు కిట్టులోనే వస్తుంది.

కాలిపర్లు పెట్టి కొలిస్తే మా కేసులో రంధ్రం ఒక పక్క గోడ పలచగా ఉంది. అందుకని మూడోది ఎంచుకున్నాం. పాత గిర్నీ స్నేహితుడు ఒకాయన ఇప్పుడు చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాడు, ఆయన దగ్గర కిట్టు దొరికింది. పని చేసింది మాత్రం పోరడే. నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నా.

మొదటి పని పగులు చూడటం. రంధ్రం చుట్టూ కిరసనాయిలు రాసి, కాసేపు ఆగి, బట్టతో పొడిగా తుడిచి, సుద్దపొడి పూశాం. పగులుంటే లోపల దాగిన కిరసనాయిలు మళ్లీ పైకి ఊరి సుద్దలో గీత కనబడుతుంది. గీత రాలేదు. వాడు గట్టిగా ఊపిరి వదిలాడు.

రెండోది, కేసు మూతి మూయడం. కనెక్టింగు రాడ్డు చుట్టూ శుభ్రమైన బట్ట కుక్కాం. అల్యూమినియం రజను ఒక్క చిటికెడు లోపల పడినా బేరింగు పోతుంది. రంధ్రం లోతు పుల్లతో కొలిచి, డ్రిల్లు మీద అంతే దూరంలో టేపు చుట్టాం. టేపు కేసుకు తగిలితే ఆగాలి.

మూడోది, నిటారు. ఇక్కడే చాలామంది పని చెడగొడతారు. చేతి డ్రిల్లు పట్టుకుంటే ఏదో ఒక పక్కకు ఒరుగుతుంది, స్టడ్డు వంకరగా నిలబడుతుంది, సిలిండరు దిగదు. వర్క్‌షాపులో ఒక మందపాటి ఇనుప పలక దొరికింది. సిలిండరు అడుగు రంధ్రాలను గుర్తుగా తీసుకుని పలకకు నాలుగు రంధ్రాలు డ్రిల్లింగ్ మిషను మీద నిటారుగా వేశాం. మూడు రంధ్రాలు మిగిలిన మూడు స్టడ్ల మీద బిగువుగా దిగాయి. నాలుగో రంధ్రం డ్రిల్లుకు దారి చూపించింది. బాగున్న మూడు స్టడ్లు పోయినదాని చోటు చూపిస్తాయి, అందుకే వాటిని ముందుగా పీకేయకూడదు.

డ్రిల్లు నెమ్మదిగా నడిచింది. తర్వాత ట్యాపు. దాని గాళ్లలో గ్రీజు నింపితే రజను అందులో అంటుకుంటుంది. కిరసనాయిలు చుక్కలు వేస్తూ, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు. వెనక్కు తిప్పితేనే రజను తెగుతుంది. తొందరపడి ట్యాపు విరిగితే అది గట్టి ఉక్కు, మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు. అప్పుడు నిజంగానే కేసు పోతుంది. వాడి చొక్కా చెమటతో తడిసింది. రెండుసార్లు ఆపి, ట్యాపు తీసి తుడిచి, మళ్లీ పెట్టించాను.

రంధ్రం పెట్రోలుతో కడిగి, ఆరనిచ్చి, తీగ చుట్టును దాని పనిముట్టుతో తిప్పి దించాం. చుట్టు పై కొన కేసు అంచుకు పావు నుంచి అర చుట్టు కిందికి ఉండాలి. పైకి ఉంటే సిలిండరు సరిగ్గా కూర్చోదు. చుట్టు అడుగున తిప్పడానికి ఒక చిన్న తోక ఉంటుంది. దాన్ని సన్న పంచితో ఒక్క దెబ్బ కొడితే తెగుతుంది. తెగిన ముక్క బయటికి వచ్చిందో లేదో కంటితో చూసుకోవాలి. అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు, స్టెయిన్‌లెస్ దానికి సరిగ్గా అంటదు. గ్రీజు పూసిన పుల్లతో తీశాం.

కొత్త స్టడ్డు కొని తెచ్చాం, మిల్లీమీటరు మరదే. ఈసారి వాడే పాత స్టడ్డు పక్కన పెట్టి వెలుతురులో చూసి, "జోడీ కలిసింది కాకా" అన్నాడు. కింది మరకు ఒక చుక్క త్రెడ్‌లాకరు వేసి చేత్తోనే దించాడు. స్టడ్డును అడుగుకు ఆనించి బిగించకూడదు. మరుసటి రోజు దాకా దాన్ని ముట్టుకోలేదు.

ఇక అసలు పాఠం, బిగింపు. నేను గిర్నీలో చేరిన కొత్తలో ఒక గేరు పెట్టె మూత బిగిస్తూ "ఇంకొంచెం, ఇంకొంచెం" అని మర కోసేశాను. మా పెద్ద మేస్త్రీ తిట్టలేదు. తుక్కులోంచి ఒక అల్యూమినియం ముక్క తెచ్చి, పది రంధ్రాలకు మర వేయించి, పది బోల్టులూ తెగే దాకా బిగించమన్నాడు. మూడు నాలుగు తెగాక తెలిసింది. బోల్టు బిగుస్తూ బిగుస్తూ వస్తుంది, ఒక చోట చేతికి మెత్తగా తగులుతుంది. పానా కదులుతుంది, కానీ బిగువు పెరగదు. అక్కడికే మర చచ్చిపోవడం మొదలైంది. ఆ మెత్తదనం రాకముందే ఆగాలి. నేనూ పోరడికి అదే చేయించాను, తుక్కు ముక్క మీద. ఆరు తెగాయి. ఏడోది వాడంతట వాడే ఆపాడు.

చేతికి అంత అలవాటు లేనివాళ్లకు ఒక లెక్క. అల్యూమినియంలో నాటిన 8 మిల్లీమీటర్ల స్టడ్డుకు మామూలుగా ఒకటిన్నర నుంచి రెండు కిలోగ్రాం-మీటర్ల బిగువు చాలు. మీ బండి పుస్తకంలో అంకె ఉంటే అదే పాటించండి. టార్క్ పానా కొనక్కర్లేదు. కూరగాయల వాళ్లు వాడే కొక్కెం స్ప్రింగు కాటా తెచ్చుకోండి. నట్టు నడిమి నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పానాకు కొక్కెం తగిలించి, పానాకు అడ్డంగా లాగండి. కాటా 8 కిలోలు చూపిస్తే 1.6 కిలోగ్రాం-మీటర్లు అయినట్టు. అదే 8 కిలోల బలం 60 సెంటీమీటర్ల పైపు చివర పెడితే 4.8 అవుతుంది, అంటే మూడింతలు. పైపు తొడిగిన చేతికి తాను ఎంత బలం పెడుతున్నదీ తెలియదు. పోరడు చేసింది అదే.

పిస్టను రింగుల నోళ్లు గాడిలోని చిన్న మేకుల దగ్గరికి వచ్చాయని చూసుకుని సిలిండరు దించాం. కింద కొత్త ప్యాకింగు వేశాం. నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాడు. ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలకు పోకూడదు. బండి స్టార్టు చేసి, వేడెక్కనిచ్చి, పూర్తిగా చల్లారాక మళ్లీ ఒకసారి కాటా పెట్టి చూశాడు. సిలిండరు అడుగు చుట్టూ సబ్బు నీళ్లు పూసి నడిపితే బుడగ రాలేదు. రేసు వదిలితే చప్పుడు వెంటనే కిందికి దిగింది. గాలి లాగే ఇంజనైతే రేసు వదిలినా పైనే ఊగుతూ ఉంటుంది. మీ బండి అట్లా చేస్తే సిలిండరు అడుగు, కార్బురేటరు మూతి ముందు చూడండి.

ఇదంతా అయ్యాక పోరడు ఇంట్లోకి వెళ్లి అమ్మతో నిజం చెప్పాడు. సాంచ స్టడ్డు తానే పెట్టానని, పైపు తొడిగానని. వదిన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ నాయన ఒకసారి ఇదే బండికి ప్లగ్గు మర కోసిండు. నెల దాకా నాకు చెప్పలే" అంది. ఆ సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది. మా అన్నకు అప్పట్లో ఆ ప్లగ్గు మర ఎవరు వేసిచ్చారో మరి, నా దగ్గరికైతే రాలేదు.

తుక్కు అతనికి వద్దని చెప్పి పంపారు. ఆర్‌సీ కాగితాలు సరిచేయించాలి, బీమా కట్టాలి. అవి అయ్యే దాకా బండి గల్లీ దాటదు. అది కూడా మాట తీసుకున్నాను.

ప్లగ్గు మాట వచ్చింది కాబట్టి స్కూటరు, మోపెడు ఉన్నవాళ్లకు చివరగా ఒకటి. అల్యూమినియం హెడ్డులో ప్లగ్గు మర పోతే హెడ్డు పారేయకండి. దానికీ ఇలాంటి చుట్టు లేదా బుష్షు వేయవచ్చు. మామూలుగా ప్లగ్గు మర 14 మిల్లీమీటర్లు, పిచ్ 1.25. హెడ్డు విప్పి, బయటికి తీసి చేయించండి. బండి మీదే చేస్తే రజను సిలిండరులో పడుతుంది. ఆ తర్వాత నుంచి ప్లగ్గును ఇంజను చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తీయండి, పెట్టేటప్పుడు వేళ్లతో చివరి దాకా తిప్పండి.

కార్ఖానాల్లో పనిచేసే తమ్ముళ్లకు ఒక విన్నపం. మీ నట్ల డబ్బాను ఒక సెలవు రోజు రెండు డబ్బాలు చేయండి. ఇంచువి ఒక దాంట్లో, మిల్లీమీటరువి ఒక దాంట్లో. మూత మీద సుద్దతో రాయండి. ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏరితే ఒక పూట పని, వాళ్లకూ మరలు గుర్తు పట్టడం వస్తుంది.

వచ్చే నెల నీళ్ల మోటారు ఎందుకు గుర్రుమంటుంది, తిరగదు, అన్న సంగతి చూద్దాం. కెపాసిటరు ముట్టుకునే ముందు ఏం చేయాలో కూడా అందులోనే చెబుతాను. అప్పటి దాకా గుర్రుమనే మోటారుకు స్విచ్చి వేసి అట్లాగే వదిలేయకండి, చుట్ట కాలిపోతుంది.